నన్ను రెండుగా కోసిన రోజు

నేను కందిరీగల గూడును. బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలో ఒక కిటికీ మూలన, సన్నటి కాడకు వేలాడుతూ పుట్టాను. ఎండుకొమ్మల నార గీకి తెచ్చి, ఉమ్మితో నమిలి, కాగితంలా పరిచి నా ఒక్కో గదినీ కట్టారు మా ఇంటి ఆడవాళ్లు. వాళ్ల జాతికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు రొపాలిడియా మార్జినేటా.

ఇంతమందిలో గుడ్లు పెట్టేది రాణి ఒక్కతే. ఒడ్డూ పొడుగూ అందరిలాగే ఉంటుంది. ఎవరినీ తరమదు, కరవదు. కొట్లాటలన్నీ మిగతావాళ్లవే. ఒకరినొకరు తరుముకుంటారు, కొరుక్కుంటారు, మీదెక్కి కూచుంటారు. రాణి మాత్రం పొట్ట చివరను నా ఒంటికి రాస్తూ తన దారిన తాను నడుస్తుంది. ఆ రాపిడిలో ఒక వాసన నాకు అంటుకుంటుంది. తానున్నానని ఇంటిల్లిపాదికీ చెప్పే కబురు అది. గాలిలో దూరం పోదు, నా ఒంటి మీదే నిలుస్తుంది. దాన్ని మోయడం కోసమే పుట్టాననుకుంటాను.

ఒకనాడు శాస్త్రవేత్త రాఘవేంద్ర గడగ్కర్ బృందం వాళ్లు వచ్చారు. అందరి ఒంటి మీదా రంగు చుక్కలు అప్పటికే ఉన్నాయి. నన్ను రెండుగా కోసి, నడుమ వైరు జాలీ కట్టారు. రాణి అటు ముక్క మీద ఉండిపోయింది. ఇటు ముక్క మీద వాసన ఆరిపోతుంటే నాకు ప్రాణం పోతున్నట్టయింది. అరగంట తిరగకముందే పసుపు చుక్కది ఒక్కసారిగా ఉగ్రరూపమెత్తి, కనిపించినవాళ్లనల్లా కరిచింది.

కాబోయే రాణి ఆమేననుకున్నాను. మర్నాడు రాణిని ఇటు, పసుపు చుక్కను అటు మార్చారు. అటు చేరగానే పసుపు చుక్క చల్లబడింది. అక్కడ నీలం చుక్కది లేచింది. నిన్నటిదాకా ఓ మూలన అణిగి ఉన్నదే! ఆమెకు ఒక్కరూ ఎదురు తిరగలేదు. పసుపు చుక్క కూడా తిరగలేదు.

అంటే వారసురాలెవరో ఇంట్లోవాళ్లకు ముందే తెలుసు. ఇన్నాళ్లూ ఆ కాట్లన్నీ గద్దె కోసమేనని నేను పొరబడ్డాను. నాలాంటి గూళ్ల మీద చూసిన ఈ సంగతిని అనిందితా భద్రా, గడగ్కర్ 2008లో ప్రకటించారు.

ఆ మార్పిడి తర్వాత నా మీది నుంచి రాణిని పూర్తిగా తీసేశారు. నీలం చుక్క కొన్నాళ్లు అందరినీ హడలగొట్టింది. వారం తిరిగేసరికి ఆ కోపం దిగిపోయింది. ఖాళీ గదిలో తొలి గుడ్డు పెట్టి, పొట్ట చివరను నాకు రాస్తూ మెల్లగా నడిచింది.