మా రోజుల్లో పికప్ ఇనుములోనే ఉండేది

ఒక్క ల్యాపు టైము కోసమే ఇప్పటి కుర్రాళ్లు కట్టే టైమ్ అటాక్ కార్లు చూస్తే నాకు కడుపు మండుతుంది. బానెట్ లేపి ఒక పెద్ద టర్బో చూపించి "వెయ్యి హార్స్‌పవర్, అంకుల్" అంటారు. ఆ వెయ్యి ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుందయ్యా అని అడిగితే లాప్‌టాప్ తెరిచి గ్రాఫ్ చూపిస్తారు. అందులో కుడివైపంతా కొండ, ఎడమవైపంతా బీడు. హెయిర్‌పిన్ మలుపు నుంచి బయటపడే కారు ఉండేది ఆ బీడులోనే.

షోలవరం రన్‌వే మీద రేసులు జరిగే కాలంలో మద్రాసు షెడ్లలో పనిచేసినవాణ్ణి. మాకు టర్బోలూ లేవు, సూపర్‌చార్జర్లూ లేవు. హెడ్డు గీయించి కంప్రెషన్ పెంచేవాళ్లం, పోర్టులు చేత్తో అరగదీసేవాళ్లం, కార్బ్యురేటర్ జెట్లు మార్చి మార్చి చూసేవాళ్లం. బండి షెడ్డు దాటేముందు మేస్త్రి అడిగే ప్రశ్న ఒక్కటే: తొక్కగానే లేస్తుందా? టాప్ స్పీడ్ సంగతి ఆ తర్వాత.

ఆ ప్రశ్నకు లోకంలోకెల్లా గొప్ప జవాబు 1985లో ఇటలీ నుంచి వచ్చింది. లాన్సియా డెల్టా ఎస్4. అంతకుముందు లాన్సియా వాళ్ల 037 ర్యాలీ కారుకు సూపర్‌చార్జర్ ఒక్కటే ఉండేది. ఇంజిన్ నుంచి బెల్టుతో తిరిగేది కాబట్టి కాలు పెట్టగానే గాలి నెట్టేది. 1983లో ఆ కారే తయారీదారుల టైటిల్ గెలిచింది. కానీ పై ఆర్‌పీఎంలకు వెళ్లేసరికి దాని బలం చాలేది కాదు. పోటీదారు ఆడి క్వాట్రోది తిరగబడ్డ కథ: టర్బో బలం ఉంది, నాలుగు చక్రాల లాగుడు ఉంది, కానీ పొగ గొట్టంలో ఒత్తిడి పెరిగి టర్బైన్ వేగం అందుకునేదాకా డ్రైవర్ కాచుక్కూర్చోవాలి. ఆ ఆలస్యమే ల్యాగ్. లాన్సియా ఇంజినీర్లు రెండింటినీ ఒకే ఇంజిన్‌కు తగిలించారు. కింది ఆర్‌పీఎంలకు సూపర్‌చార్జర్, పైవాటికి టర్బో.

అందులోని లెక్క కూడా చెప్పాలి. ఇంజిన్ 1759 సీసీ. గాలి కొట్టించిన ఇంజిన్లను ఆనాటి రూల్ ప్రకారం 1.4తో హెచ్చవేసేవాళ్లు, అంటే 2462 సీసీ. 2500 సీసీ క్లాసులో ఇమిడిపోయింది, బరువు తక్కువగా ఉంచుకోవచ్చు. అంత చిన్న ఇంజిన్ నుంచి 450కి పైగా హార్స్‌పవర్ తీశారు. 1985 నవంబరులో బ్రిటన్ ఆర్‌ఏసీ ర్యాలీలో ప్రపంచ చాంపియన్‌షిప్ బరిలోకి తొలిసారి దిగి, హెన్రీ టోయివొనెన్ నడపగా గెలిచింది. 1986 మేలో కోర్సికాలో టోయివొనెన్, కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో అదే కారులో చనిపోయారు. ఆ కార్లు పోటీపడే గ్రూప్ బీ తరగతి ఆ ఏటితో ఆగిపోయింది. ఆగాల్సిందే. ఆ కార్ల వేగానికీ, రోడ్ల పక్కన నిలబడ్డ జనానికీ పొంతన లేదు. ఆ ఇంజిన్ ఆలోచనలో మాత్రం తప్పు లేదు.

ఈ పని కష్టం ఎక్కడుందో కుర్రాళ్లకు తెలియాలి. రెండింటినీ వరసగా పెడితే ఒత్తిళ్లు కూడవు, హెచ్చుతాయి. ఒకటి గాలిని ఒకటిన్నర రెట్లు, ఇంకొకటి రెండు రెట్లు నొక్కితే ఇంజిన్‌కు అందేది మూడు రెట్లు. ఏదీ ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు. కానీ నొక్కినచోటల్లా గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ల పని పెరుగుతుంది. సూపర్‌చార్జర్ క్రాంక్ నుంచి బలం తింటుంది కాబట్టి టర్బో అందుకున్నాక దాన్ని తప్పించి గాలిని బైపాస్‌లో పంపాలి. ఆ బైపాస్ వాల్వు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలన్న దగ్గరే పనితనమంతా ఉంది. తొందరగా తెరిస్తే బూస్ట్ పడిపోతుంది, ఆలస్యంగా తెరిస్తే ఆ సూపర్‌చార్జరే టర్బోకు అడ్డుగోడ.

ఇది ర్యాలీ కార్లకే చెల్లిందనుకోకండి. నిస్సాన్ వాళ్లు జపాన్‌లో 930 సీసీ మార్చ్ సూపర్ టర్బో అమ్మారు, 110 హార్స్‌పవర్. 2005లో ఫోక్స్‌వాగన్ 1.4 లీటర్ల గోల్ఫ్‌కు రెండూ పెట్టి 170 తీసింది. అందులో సూపర్‌చార్జర్‌కు మాగ్నెటిక్ క్లచ్ ఉంది. 3500 ఆర్‌పీఎం దాటాక పనంతా టర్బోదే.

మరి రేసు కుర్రాళ్లు చేస్తున్నదేమిటి? యాంటీ-ల్యాగ్. కాలు తీసినా గాలి ఆడనిచ్చి, స్పార్క్ ఆలస్యం చేసి, పెట్రోలును ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో మండించి టర్బైన్ తిప్పడం. ఢాం ఢాం అంటుంటే జనం చప్పట్లు కొడతారు. అవతల టర్బైన్, మానిఫోల్డ్ ఎర్రగా కాలిపోతుంటాయి. మా మేస్త్రి చూస్తే స్పానర్ విసిరేవాడు.

ఇంతకీ రెండు కలిపిన ఇంజిన్‌కు తగిన చోటు టైమ్ అటాకే అని నా వాదన. జపాన్‌లోని త్సుకుబా ట్రాక్ చూడండి. ల్యాపు రెండు కిలోమీటర్ల పైచిలుకు, మంచి కారుకు నిమిషం కూడా పట్టదు. రెండో హెయిర్‌పిన్ దాటగానే వెనక స్ట్రెయిట్. అక్కడ కాలు పెట్టాక టర్బో అర సెకను ఆలోచిస్తే ఆ నష్టం స్ట్రెయిట్ పొడుగునా వెంటాడుతుంది. తీరా బూస్ట్ ఒక్కసారిగా విరుచుకుపడితే చక్రాలు జారతాయి. బెల్టు మీద వచ్చే బలం ఆర్‌పీఎంతోపాటు ఎక్కుతుంది, కాలికి తెలుస్తుంది. ఈ ఏర్పాటుకున్న పెద్ద జబ్బు వేడి. ఇరవై ల్యాపుల రేసులో అది నిజంగా జబ్బే. ఇక్కడ టైర్లు వేడిచేసుకుని ఒక్క ల్యాపు గట్టిగా కొట్టడం, తర్వాత చల్లార్చుకోవడం. ఆ నిమిషానికి వేడి ఎంత పేరుకుంటుంది?

మా అబ్బాయి దగ్గరికి సిడ్నీ వెళ్లినప్పుడు వరల్డ్ టైమ్ అటాక్ చాలెంజ్ చూశాను. 2010లో అక్కడ గెలిచిన జపాన్ కారు సైబర్ ఎవో ల్యాపు నిమిషం ముప్పై సెకన్లు. 2019లో ఒక పోర్షే 968 నిమిషం ఇరవై లోపు కొట్టింది. గొప్ప పని, దండం పెడతాను. కానీ ఆ పది సెకన్లలో ఎక్కువ భాగం రెక్కలదీ టైర్లదీ అని నా నమ్మకం. ఇంజిన్ దగ్గరికొస్తే మాత్రం చాలామందిది ఒకటే దారి, పెద్ద టర్బో, మంచి ఈసీయూ. టర్బోలో బాల్ బేరింగులు, సీక్వెన్షియల్ గేర్‌బాక్సు వచ్చాక ల్యాగ్ తగ్గిందంటారు. తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ పోలేదు. పోయుంటే ఆ యాంటీ-ల్యాగ్ టపాకాయలు ఎందుకు?

బరువు పెరుగుతుంది, పైపులు ఎక్కువ, బెల్టు ఊడుతుంది అంటారు. అబ్బాయిలూ, లక్షలు పోసి కార్బన్ రెక్కలు చేయించుకునేవాళ్లకు ఒక బెల్టు, ఒక బైపాస్ వాల్వు బరువా? ఒక్క సీజన్ కట్టి చూడండి. అదే కారు, అదే టైర్లు, అదే డ్రైవర్. హెయిర్‌పిన్ దగ్గరి సెక్టార్ టైములు పక్కపక్కన రాసి నాకు పంపండి. నెమ్మదిగా ఉందని తేలితే అప్పుడు నోరు మూసుకుంటాను.