సర్వర్ సంజీవని

మూలం: రాష్ట్ర సమాచార సేవా రంగపు స్థూల అదనపు విలువ స్థిర ధరల వద్ద గణనీయమైన వృద్ధిని కనబరచింది.

ఈ వాక్యం నేనే కూర్చాను. ఎక్కడో చదివినట్టుందని మీకు అనిపిస్తే ఆ తప్పు నాది కాదు.

అవతారిక: కొలిచెలమ మల్లినాథసూరి మూలం లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇక్కడ మూలం ఉంది, పదార్థమే కనబడదు. అయినా ఒడిశాలోని రాయగడలో పొలం కాగితం నకలు కోసం మూడు రోజులు తిరిగినవాడికి టీక రాసే అర్హత ఉందని నమ్మి సాహసిస్తున్నాను.

ప్రతిపదార్థం: 'రాష్ట్ర', 'స్థిర', 'గణనీయ', 'వృద్ధి' సులభాలు, వదిలేశాను.

స్థూల = వేదాంతికి స్థూలం ఎదురుగా సూక్ష్మం ఉంటుంది. లెక్కల వేదాంతంలో స్థూలం ఎదురుగా ఉండేది నికరం. కంప్యూటరు అరిగిపోయిన తరుగును తీసెయ్యకపోతే స్థూలం, తీసేస్తే నికరం. అదనపు విలువ = అమ్మిన సేవ ఖరీదులోంచి కొన్న కరెంటు, కాగితం, ఇంటర్నెట్ ఖర్చు పోగా మిగిలినది. చిన్నయసూరి లెక్కన 'స్థూల అదనపు' మిశ్రం. రెండో పదం సంస్కృతం కాదు గనక సవర్ణదీర్ఘం కుదరదు. అత్వసంధి చేసి 'స్థూలదనపు' అంటే స్థూల ధనమని వినబడి ఆదాయపు పన్నువాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. అందుకే గ్రంథకర్త సంధి చెయ్యలేదు.

సమాచార సేవ = ఇక్కడ జాగ్రత్త. రాయగడ స్టేషన్ దారిలో ఒక దుకాణం ఉంది. అందులో ఒకే మనిషి, ఒకే బల్ల. కాని 2008 నాటి జాతీయ పరిశ్రమల వర్గీకరణ చూస్తే అతడు నెట్ చూపిస్తే 61వ విభాగం, డేటా ఎక్కిస్తే 63, జిరాక్స్ తీస్తే 82. కుర్చీలోంచి లేవకుండానే మూడు జన్మలు. 2011-12 ఆధారంగా నడిచిన జాతీయ లెక్కల శ్రేణిలో కంప్యూటర్, సమాచార సేవలను స్థిరాస్తి, సొంత ఇళ్ళకు ఊహించి కట్టిన అద్దెలతో ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. టెలికాం మాత్రం హోటళ్ళు, రవాణా ఉన్న పంక్తిలో భోంచేసింది.

మా దుకాణదారుడు బిల్లివ్వడు. ఆ శ్రేణిలో ఇలాంటి చిన్న దుకాణాలకు 2010-11 నమూనా సర్వే పునాది. తరువాతి ఏళ్ళకు దాన్నే సూచికలు కట్టి సాగదీశారు. జిల్లా అంకె చాలా భాగం రాష్ట్ర అంకెను పంచగా వచ్చిందే. అంటే మా దుకాణాన్ని ఎవరూ చూడలేదు గాని అది పెరుగుతూనే ఉంది.

ప్రసక్తానుప్రసక్తం: జయపురం మహారాజా విక్రమదేవ వర్మ 1931లో గద్దెనెక్కి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. అక్కడి సైన్సు కళాశాలకు పెట్టినది ఆయన పేరే. ఆయన తెలుగులోనూ ఒడియాలోనూ రాసినవాడు. 1936 ఏప్రిల్ 1న జయపురం ఉన్న కొరాపుట్ ఒడిశాలో కలిసింది గాని ఆ విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు ఆయనకు పరాయిది కాలేదు. ఇప్పుడు ఆ లక్షను ఏ పద్దులో రాద్దాం? ఉత్పత్తి కాదు, అది బదిలీ. కొరాపుట్‌కు సున్న. ఆ డబ్బుతో వాల్తేరులో ఇచ్చిన జీతాలు మాత్రం వాల్తేరు ఉత్పత్తి. కొండల మీద పోడు, ధాన్యం, శిస్తు పోగై కట్టిన లక్ష అది. దాత పేరు గోడమీద ఉంది, ఊరి పేరు పద్దులో లేదు. రాజుగారి ముచ్చటలో పడి ఎక్కడికో వచ్చాను, క్షమించాలి. నిజానికి ఎక్కడికీ రాలేదు. అదే కొరాపుట్‌లోని సునాబెడలో చదువుకున్న పిల్ల మాదాపూర్‌లో కోడ్ రాస్తే ఆ విలువ తెలంగాణది, ఎందుకంటే ఆదాయం పుట్టిన చోటే లెక్క. ఆమెను పెంచిన ఖర్చు ఇక్కడ ఇంటి ఖర్చు. నెలనెలా ఇంటికి పంపే డబ్బు? మళ్ళీ బదిలీ.

వృద్ధి = సులభమని వదిలేశాను గాని మూడో రోజు అర్థమైంది. మొదటి రోజు దుకాణదారుడు నకలు కోసం దరఖాస్తు నింపి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. అది సర్వర్‌లోకి ఎక్కలేదు. రెండో రోజు మళ్ళీ నింపాడు, మళ్ళీ ముప్పై. మూడో రోజూ అంతే. నకలు రాలేదు గాని రాష్ట్ర సమాచార సేవ నా ఒక్కడి వల్ల మూడింతలైంది. సర్వర్ బాగుంటే ముప్పైతో ఆగిపోయేది. నేను బెంచీమీద కూర్చున్న గంటలకు విభాగం లేదు, సంఖ్య లేదు. నా పక్కన కాశీపూర్ నుంచి వచ్చిన ముసలమ్మ కూర్చుంది. ఆమె బస్సు ఛార్జీలు రవాణా రంగపు వృద్ధి.

తాత్పర్యం: "ఏటి బాబూ, ఈరోజైనా అవుతాదా?" అన్నాను.

"సర్వర్ నేదు మాస్టారూ. రేపు రండి."

నాలుగో ముప్పై జేబులో పెట్టుకుని బయల్దేరుతున్నాను.