సీసపు వడ్డాణం

పన్నెండేళ్ల కిందట అండమాన్‌లో హేవ్‌లాక్ దీవికి వెళ్లి స్కూబా నేర్చుకున్నాను. ఆ తర్వాత మళ్లీ నీళ్లలో దిగింది ఈ ఏడే. ఈలోగా 2018లో ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్ అయింది, నా నడుం 32 నుంచి 40 అయింది. ప్రభుత్వం ప్రకటించింది మొదటి మార్పు ఒక్కటే.

"మేడ మీద ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి రెండంతస్తులెక్కితేనే రొప్పుతారు, సముద్రం అడుగున ఏం చూస్తారు?" అంది మా ఆవిడ.

"అక్కడ మెట్లుండవు కదా!" అన్నాను.

మెట్లు లేవు గానీ వెట్ సూట్ ఉంది. ఇద్దరు కుర్రాళ్లు చెరోవైపు పట్టి, జాడీకి వాసెన కట్టినట్టు నన్ను అందులో బిగించారు. ఇన్‌స్ట్రక్టర్ పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టినవాడే అయినా తాతగారిది శ్రీకాకుళమట. ఆ యాస వినగానే సగం భయం పోయింది. మిగతా సగం నీళ్లలో దిగాక తెలిసింది. నేను మునగను! ఒళ్లు పెరిగితే రాయిలా దిగిపోతాననుకున్నాను. కానీ కొవ్వు నీటికన్నా తేలిక, దానికితోడు సూట్ రబ్బరు నిండా గాలి బుడగలే. అప్పట్లో నడుముకి నాలుగు కిలోల సీసం చాలేది. ఈసారి ఆరు కట్టినా బెండులా తేలాను. ఎనిమిది కిలోల వడ్డాణం పెడితే గానీ సముద్రం నన్ను లోపలికి రానివ్వలేదు.

ముందు మోకాలిలోతులో పాత పాఠాలన్నీ అప్పజెప్పించాడు. నోట్లోంచి రెగ్యులేటర్ తీసి మళ్లీ పట్టుకోవడం, మాస్కులో చేరిన నీళ్లు ముక్కుతో ఊది బయటికి పంపడం. సైగల పాఠం దగ్గర నేను సెల్ఫీల్లో ఉన్నాను. ఒడ్డున కూర్చున్న మా ఆవిడే శ్రద్ధగా వింది.

అడుగడుగునా ముక్కు మూసుకుని చెవులు సర్దుకుంటూ నీమో రీఫ్ దగ్గర పది మీటర్లు దిగాం. పగడాల్లో చాలా కొమ్మలు బూడిదరంగులో విరిగి పడి ఉన్నాయి. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబారిపోయాయి. నేను మొదటిసారి వచ్చేటప్పటికే ఆ దెబ్బ తగిలి ఉంది, కుర్రతనంలో గమనించలేదు. ఇప్పుడు ఒక శిథిలం మీద అరచెయ్యంత కొత్త పగడం కనబడితే, ఎవరింట్లోనో పసిబిడ్డను చూసినట్టు కాసేపు అక్కడే ఆగిపోయాను.

అంతలో ఎనిమోన్ గుబురులోంచి నారింజరంగు చేప ఒకటి నా మాస్కు మీదికి దూసుకొచ్చింది. నీళ్లలో ఏదైనా మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది (నా పొట్ట గురించి అక్కడ ఎవరేమనుకున్నా లెక్కలోకి రాదు). ఆ క్లౌన్ చేపల కాపురంలో పెత్తనం ఆడదానిదే, గుడ్లకి కాపలా మగదానిది. వేలెడంత ఇల్లాలు నన్ను తరిమిన తీరుకి ముచ్చటపడి, ఇన్‌స్ట్రక్టర్‌కి బొటనవేలు ఎత్తి చూపించాను.

అతను వెంటనే నా రెక్క పట్టుకుని పైకి బయల్దేరాడు. నేను తల అడ్డంగా ఊపాను. కంగారుపడుతున్నాననుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఏటయింది సార్?" అన్నాడు పైకి రాగానే.

"ఏం కాలేదయ్యా, చేప బాగుందన్నాను."

"బొటనవేలంటే పైకి పోదామని సార్. బాగుంటే సున్నా చుట్టాల."

మా బళ్లో సున్నా చుడితే ఇంటికొచ్చి వీపు చూసుకునేవాళ్లం. సముద్రంలో మార్కులు వేరు.

మళ్లీ దిగాం గానీ ఎంతోసేపు కాదు. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, కుక్కి నింపిన మామూలు గాలే. పది మీటర్ల లోతులో ఒక్కో ఊపిరికి పైన పీల్చేదానికి రెట్టింపు గాలి ఖర్చవుతుంది. 200 బార్లతో బయల్దేరిన ముల్లు, నా రొప్పుకి పావుగంటలో 70కి దిగింది. "గాలి బేగి అయిపోనాది సార్" అన్నాడు ఒడ్డుకొచ్చాక, ఎంతో మర్యాదగా.

వడ్డాణం విప్పి ఇసకలో కూలబడ్డాను.

"రేపు కూడా దిగుతారా సార్?"

మాట్లాడే ఓపిక లేక వేళ్లతో సున్నా చుట్టాను. గొడుగు కింద మా ఆవిడ బొటనవేలు పైకెత్తింది.