మొండి మొక్కను చంపడం ఎలా?

స్నేక్ ప్లాంట్‌ను చంపాలని ఉంటే, పట్టించుకోకుండా వదిలేస్తే చస్తుందన్న ఆశ ముందు వదులుకోండి. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఈ మొక్క దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది. ఆకు రంధ్రాలను ఎక్కువగా రాత్రిపూటే తెరుస్తుంది కాబట్టి ఆవిరైపోయేది కొద్దే. అల్లంలా మట్టిలో పాకే కొమ్ములు కుండీ నిండా అల్లుకుని, చోటు చాలక ప్లాస్టిక్ కుండీని పగలగొట్టినా, పైన ఆకులు నిటారుగానే ఉంటాయి. ఇలాంటిదాని మీద నిర్లక్ష్యం పారదు. బోలెడంత శ్రద్ధ కావాలి, అదీ కుండీ మార్చే రోజున.

ఆ రోజు దొరికినంతలో పెద్ద కుండీ తెండి. పాతదానికంటే ఒకట్రెండు అంగుళాల వెడల్పు చాలునని తెలిసినవాళ్లు అంటారు, వినకండి. వేళ్లు చేరని మట్టి రోజుల తరబడి తడారదు. మనకు కావలసిందీ అదే. ఇసుక కలిపితే నీరు దిగిపోతుంది గనుక ఉత్త బంకమన్ను శ్రేష్ఠం. బిగుసుకున్న వేరుముద్దను పళ్లున్న కత్తితో, ప్రతి ముక్కకూ కొమ్ము, వేళ్లు, ఆకులు మిగిలేలా కోయండి. కోసిన చోటు ఒకట్రెండు రోజులు ఆరితే గాయం గట్టిపడి కుళ్లును ఆపుతుంది కాబట్టి ఆరనివ్వకండి. పచ్చి గాయంతోనే నాటి, అడుగు పళ్లెం పొంగేదాకా నీళ్లు పోయండి. పసుపు అంచున్న రకం మీద కోపముంటే విభజన మానేసి ఆకు ముక్కలు నాటండి. పిలకలు అంచు లేకుండా పచ్చగా వస్తాయి. ఆ అంచు నిలిచేది కొమ్ము విడదీసి నాటినప్పుడే.

దానికి ఇరుకే ఇష్టం, అసలు కుండీ మార్చడమెందుకని కొందరు వాదిస్తారు. ఇరుకును ఓర్చుకుంటుందన్నది నిజం. కానీ మట్టి కరిగి వేళ్లే మిగిలిన కుండీలో పోసిన నీరు అంచుల వెంట జారిపోతుంది, ఎదుగుదల మందగిస్తుంది. ఓర్పును ఇష్టంగా జమకట్టడం మనకు మొక్కలతో మొదలైన అలవాటేమీ కాదు. ఇంకొందరు, ఇన్నిన్ని నీళ్లు పోసేవాళ్లు ఎక్కడుంటారని నవ్వుతారు. చంపాలని ఎవరూ పోయరు. కొత్త కుండీలో కుదురుకోవాలని పోస్తారు. కింద వేళ్లు కుళ్లుతున్నా ఆకుల్లోని నిల్వతో మొక్క చాలాకాలం బాగున్నట్టే కనిపిస్తుంది. చివరికి ఆకు వాలినప్పుడు, కుళ్లిన వేరు నీరు పీల్చలేదని తోచక, దాహమనుకుని ఇంకో చెంబు పోస్తారు. కరువులో కాపాడే ఆ మొండితనమే మన అతిప్రేమలో జబ్బును దాచిపెడుతుంది.

పొరపాటున బతికించాలనిపిస్తే పని చాలా తక్కువ: కుండీ ఒక సైజు పెంచి, గాయం ఆరనిచ్చి, మట్టి లోపలిదాకా ఎండాకే నీళ్లు పోయడం. మిగిలిన ఉత్సాహమంతా తోటకూర మడి మీద చూపించండి, అది కాదనదు.