రెండో లీటరు తెల్లవారుజామునే
కొలనోస్కోపీకి ముందు మనవాళ్లు చెప్పే తప్పుడు సలహాలు, వాటికి బదులు చేయాల్సినవి

మా నాయనకు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే ఊళ్లో అందరూ మొలలన్నారు. ఏడాది పాటు మొలల మందే వాడినాడు. చివరికి ఒక డాక్టరు, వయసు అరవై దాటింది, పెద్దపేగు ఒకసారి గొట్టం వేసి చూడాల్సిందే అన్నారు. కొలనోస్కోపీకి తేదీ ఇచ్చారు, ముందుగా పేగు కడుక్కోవడానికి పొడి ప్యాకెట్టు ఇచ్చారు, ఎప్పుడు ఏం తాగాలో రాసిన చీటీ ఇచ్చారు.

ఆ చీటీని ఇంట్లో ఎవరమూ సరిగా చదవలేదు. సలహాలు మాత్రం అందరం చెప్పాం. పుంగనూరు మేనత్త పస్తుంటే చాలంది. కుప్పం మామ ఆముదం తాగమన్నాడు. ‘పొద్దున్నే బస్సెక్కాల, రాత్రికే మొత్తం తాగేసి పండుకో నాయనా’ అని చెప్పింది నేను. మరుసటి రోజు పరీక్ష సగంలో ఆపేశారు. ‘కుడివైపు పేగు కనిపించలేదు, మళ్లీ కడుపు కడుక్కుని రండి’ అన్నారు. రెండు రోజుల తిండి, నిద్ర, మూడు గంటల ప్రయాణం, డబ్బు అన్నీ వృథా అయ్యాయి. అన్నిటికీ మించి, ఒకసారి పడిన ఆ యాతన మళ్లీ పడాలంటే నాయన మనసు ఒప్పలేదు. ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇట్లాంటివి అరుదుగా జరిగేవి కావు. కొలనోస్కోపీల్లో 20 నుంచి 25 శాతం దాకా పేగు సరిగా శుభ్రం కాకుండానే జరుగుతున్నాయని అమెరికా నిపుణుల బృందం 2014లోనే రాసింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నేను విన్న సలహాలను ఒక్కొక్కటే ఇక్కడ పెడుతున్నాను. ఏది ఎందుకు తప్పో తెలిస్తే చీటీలోని మాట మీద నమ్మకం కుదురుతుంది.

తప్పు 1: ‘ఒక పొద్దుంటే కడుపు ఖాళీ అయిపోతుంది’

ఏకాదశికి, శనివారానికి ఒక పొద్దుండే అలవాటు మనకుంది కాబట్టి ఈ మాట సహజంగానే తోస్తుంది. పస్తుంటే ఖాళీ అయ్యేది జీర్ణాశయం. పెద్దపేగు కాదు. సుమారు ఒకటిన్నర మీటరు పొడవుండే ఆ పేగులోకి, మనం ఏమీ తినకపోయినా, పైనుంచి పైత్యరసం, జిగురు దిగుతూనే ఉంటాయి. మామూలు రోజుల్లో చిన్నపేగు నుంచి రోజుకు లీటరు, లీటరున్నర ద్రవం పెద్దపేగులోకి వస్తుంది. రెండు మూడు రోజుల కిందట తిన్నది ఇంకా అందులోనే ఉంటుంది. ఒక పూట పస్తు దాన్ని కదిలించలేదు.

పొడి కలిపిన నీళ్లు చేసే పని వేరు. అందులో ఉండే పాలీఇథిలిన్ గ్లైకాల్ ఒంటికి పట్టదు. అది నీళ్లను తనతో పట్టి ఉంచి, పేగు పొడవునా కడుగుతూ బయటికి తెస్తుంది. ఒంట్లోని లవణాలు తరిగిపోకుండా అందులో ఉప్పులు కూడా కొలత ప్రకారం కలిపి ఉంటాయి. ఈ పద్ధతి 1980లో వచ్చింది. అందుకే రాసినన్ని నీళ్లు కలపాలి, రాసినంతా తాగాలి. రుచి బాగాలేదని ప్యాకెట్టు సగమే కలిపినా, నీళ్లు తగ్గించి చిక్కగా కలిపినా అది పని చేయదు.

తప్పు 2: ‘మా తాతల కాలం నుంచి ఆముదమే కదా’

నెలకోసారి ఆముదం పట్టించే ఇళ్లలో పెరిగినవాళ్లు చెప్పే మాట ఇది. ఆముదం పేగును పిండి విరేచనం చేయిస్తుంది, నిజమే. కానీ ఎంత తాగితే ఎంత కదులుతుందో ఎవరూ చెప్పలేరు. కడుపునొప్పి పెడుతుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది, అయినా గోడల మీద పూత మిగిలిపోతుంది. సునాముఖి, త్రిఫల కూడా అంతే. డాక్టరు రాయని విరేచనాల మందు ఏదీ పొడికి బదులు కాదు, పొడితో కలిపి వాడేదీ కాదు.

తప్పు 3: ‘రెండు లీటర్లు ఎవరు తాగతారు, చిన్న సీసా మందుంది’

ఫాస్ఫేటు ఉప్పుల మందు చిన్న సీసాలో వస్తుంది. తాగడం సులువు కాబట్టి ఒకరికి రాసినది ఇంకొకరికి చెబుతుంటారు. ఆ ఫాస్ఫేటు కొందరి మూత్రపిండాలను శాశ్వతంగా దెబ్బ తీస్తుందని తేలి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో గట్టి హెచ్చరిక జారీ చేసింది. ముసలివాళ్లకు, బీపీ మాత్రలు వాడేవాళ్లకు, ముందే మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. పక్కింటివాళ్ల మందు పక్కింటివాళ్లకే. మీ చీటీలో ఏది ఉందో అదే కొనండి.

తప్పు 4: ‘బలం ఉండాల, సంగటి తిను’

రాగి సంగటి మన బలం. అయినా ఆ రెండు మూడు రోజులూ వద్దు. రాగిలో పీచు ఎక్కువ. ఆకుకూరలు, మునక్కాయ, పితికిపప్పు, శెనక్కాయల ఊరిబిండి, పండ్లు, కొబ్బరి కూడా పక్కన పెట్టాలి.

టమాటా గురించి వేరుగా చెప్పాలి. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమంతటికీ తెలుసు. మన వంటింట్లో టమాటా పడని కూర, చారు, పచ్చడి ఉండవు. ఆ గింజ అరగదు. కొలనోస్కోపీ గొట్టంలో మురికిని పీల్చే దారి సుమారు మూడున్నర మిల్లీమీటర్లే. టమాటా గింజలు, తొక్కలు దానికి అడ్డం పడితే డాక్టరు ప్రతిసారీ ఆగి శుభ్రం చేసుకోవాలి. వంకాయ గింజ, మిరప గింజ, నువ్వులు, సబ్జా గింజలు కూడా ఇంతే.

తినదగినవి ఇవి: తెల్లన్నం, పెరుగన్నం, పచ్చడి లేకుండా ఇడ్లీ, బొంబాయి రవ్వ ఉప్మా, వడగట్టిన చారు, తొక్క తీసి ఉడికించిన ఉర్లగడ్డ, గుడ్డు. ఎన్ని రోజులన్నది మీ డాక్టరు చెబుతారు. చాలాచోట్ల ఒకటి నుంచి మూడు రోజులు. మలబద్ధకం ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెబితే రోజులు, మందు పెంచుతారు.

తప్పు 5: ‘పాలు, గంజి, జావ నీళ్లే కదా’

ముందు రోజు అన్నం ఆపాక ‘తేట నీళ్లే’ తాగమంటారు. మన ఇళ్లలో పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. పుంగనూరు ఆవు పాలు ఎంత చిక్కనో మనకు గర్వం. ఆ రోజు మాత్రం ఏ పాలూ కూడదు. మజ్జిగ, రాగిజావ, గంజి కూడా తేట కావు.

ఏది తేటో తేల్చుకోవడం సులువు. తాగేదాన్ని గాజు గ్లాసులో పోసి వెనక దినపత్రిక పెట్టండి. అక్షరాలు కనబడితే తాగవచ్చు. వడగట్టిన కొబ్బరినీళ్లు, గుజ్జు లేని నిమ్మరసంలో చక్కెర, ఉప్పు, పాలు లేని టీ, వడగట్టిన ఆపిల్ రసం సరిపోతాయి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు కొబ్బరినీళ్లకు డాక్టరును అడగాలి, అందులో పొటాషియం ఎక్కువ. ఎరుపు, ఊదా రంగువి వద్దు. ద్రాక్షరసం, నన్నారి షర్బత్తు పేగు గోడ మీద రక్తంలా కనబడతాయి. అదే కారణంతో వక్కాకు కూడా మానాలి. ఎర్రటి ఉమ్మి లోపలికి పోతుంది, వక్క నార పేగులో మిగులుతుంది. మా అవ్వలాంటి వాళ్లకు అన్నం మానడం కంటే వక్కాకు మానడమే కష్టం. ముందే చెప్పి, సంచి తీసి దాచి పెట్టండి.

తప్పు 6: ‘మాత్రలన్నీ ఆపేయ్’ లేదా ‘ఏదీ ఆపొద్దు’

రెండూ ప్రమాదమే. రక్తాన్ని పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపితే గుండెకో మెదడుకో దెబ్బ తగలవచ్చు. ఆపకపోతే కణితి తీసినప్పుడు రక్తస్రావం కావచ్చు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో మీ గుండె డాక్టరు, పరీక్ష చేసే డాక్టరు చెప్పాలి. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగురుగా చేస్తాయి. వాటిని సాధారణంగా వారం ముందు ఆపమంటారు. చక్కెర జబ్బున్నవాళ్లు తిండి లేకుండా మామూలు మోతాదులో మాత్రలు, ఇన్సులిన్ వేసుకుంటే చక్కెర పడిపోతుంది. కొన్ని కొత్త మాత్రలను కొన్ని రోజుల ముందే ఆపాలి. తేదీ తీసుకునే రోజే మందుల డబ్బా మొత్తం తీసుకుపోయి చూపించండి. పేర్లు చెప్పడం కంటే డబ్బా చూపడమే నమ్మకం.

తప్పు 7: ‘పొద్దున్నే బస్సెక్కాల, రాత్రికే మొత్తం తాగెయ్’

మా నాయన పరీక్షను చెడగొట్టింది ఈ సలహానే. చెప్పింది నేను కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

రాత్రి తాగిన మందు రాత్రికే బయటికి వచ్చేస్తుంది. తర్వాత తెల్లారేదాకా చిన్నపేగు నుంచి పైత్యం కలిసిన జిగురు దిగుతూనే ఉంటుంది. అది ముందు చేరేది పెద్దపేగు కుడివైపునే. అందుకే రాత్రి కడుక్కున్న పేగు పొద్దుటికి కుడిపక్క మళ్లీ పూత పూసినట్టు అవుతుంది.

ఆ కుడిపక్క మనకు చాలా ముఖ్యమైన చోటు. క్యాన్సరుగా మారగల చదునైన కణితులు అక్కడ పూత కింద దాక్కుంటాయి. కణితి క్యాన్సరుగా మారేదైనా, అందుకు సాధారణంగా పదేళ్ల వరకూ పడుతుంది. ముందే కనబడితే గొట్టంలోంచే తీసేస్తారు. న్యూయార్క్‌లో వుల్ఫ్, షిన్యా అనే డాక్టర్లు 1969లో ఈ పని మొదలుపెట్టారు. పేగుకు క్షయ వచ్చినా ఎక్కువగా పట్టేది చిన్నపేగు పెద్దపేగుతో కలిసే ఆ మూలనే. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానిటోరియం పెట్టిన నాటి నుంచి మన ప్రాంతానికి ఊపిరితిత్తుల క్షయ బాగా తెలుసు. పేగు క్షయ అంతగా తెలియదు. దాన్ని పట్టుకోవాలంటే గొట్టం ఆ మూలదాకా వెళ్లాలి, అక్కడ ముక్క తీయాలి.

కాబట్టి సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగాలి. రెండో సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలి. మీ ఆసుపత్రి ఇంకా ముందే ముగించమంటే అదే పాటించండి. మత్తు ఇచ్చేటప్పుడు జీర్ణాశయంలో నీళ్లుంటే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇక బస్సు సంగతి. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరు మీదుగా వేలూరు పోయే దారిలో రెండో లీటరు తాగి కూర్చోవడం ఎవరివల్లా కాదు. తిరుపతికైనా బెంగళూరుకైనా ఇదే కష్టం. కుప్పంలోని పీఈఎస్ ఆసుపత్రి పక్కనే ఇల్లున్నవాళ్లు ఇంట్లోనే తాగి నడిచి పోవచ్చు. మిగతావాళ్లు ముందు రోజు మధ్యాహ్నానికే ఆసుపత్రి ఉన్న ఊరు చేరి, గదిలోనే బాత్రూం ఉన్న లాడ్జి తీసుకోండి. గదిలో నీళ్లు రాత్రంతా వస్తాయా అని అడిగి మరీ తీసుకోండి. ఆ గది అద్దె, రెండోసారి పరీక్ష ఖర్చు కంటే చాలా తక్కువ. అదీ కుదరకపోతే తేదీ ఇచ్చేటప్పుడే ‘మాది దూరం, మధ్యాహ్నం సమయం ఇవ్వండి’ అని అడగండి.

పరీక్ష 10 గంటలకైతే, రెండు లీటర్ల మందుకు లెక్క ఇది

ముందు రోజు పొద్దున ఇడ్లీ. తర్వాత తేట నీళ్లే. సాయంత్రం 6 నుంచి 8 లోపు మొదటి లీటరు, పది పదిహేను నిమిషాలకొక గ్లాసు. కూజాను ముందే చల్లబెట్టండి, చల్లగా ఉంటే వాసన తగ్గుతుంది. వాంతి వస్తే అరగంట ఆగి మెల్లగా తాగండి. మొదటి గ్లాసుకు ముందే మలద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసుకుంటే ఒరుసుకుపోదు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి రెండో లీటరు, 6 లోపు పూర్తి.

తప్పు 8: ‘నీళ్లలాగా పోతాండాది, ఇంక చాలు’

నీళ్లలాగా పోవడం చాలదు, రంగు చూడాలి. ముందు ముదురు గోధుమ, తర్వాత బురదనీళ్లు, చివరికి మూత్రంలాంటి పసుపు తేట. అడుగు కనబడాలి. తెల్లారేసరికి ఇంకా గోధుమరంగే ఉంటే గదిలోంచే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి. ఇంకొంచెం మందు ఇవ్వడమో, సమయం జరపడమో వాళ్లు చేయగలరు. సిగ్గుపడి దాచిపెడితే గొట్టం లోపలికి పోయాక ఎట్లాగూ తెలుస్తుంది. పరీక్షలో పేగు మూడు భాగాల శుభ్రతకు 0 నుంచి 3 వరకూ మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి.

కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా, నొప్పి పెరుగుతుంటే తాగడం ఆపేయండి. వాంతులు ఆగకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆపి వెంటనే ఆసుపత్రికి పోండి, లేదా 108కు ఫోన్ చేయండి. పెద్దవాళ్లను ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. మత్తు ఇస్తారు కాబట్టి పరీక్షయ్యాక వెంట మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు.

నాలుగు నెలల తర్వాత నాయనను ఆసుపత్రి ఎదురు వీధిలో లాడ్జికి తీసుకుపోయాను. నాలుగు గంటలకు లేపి, గ్లాసు తర్వాత గ్లాసు చేతికిచ్చాను. ‘చాల్లే నాయనా’ అని ఆయన అన్నప్పుడల్లా, తాను తాగుతున్నది ఎందుకో కుడివైపు పేగు సంగతి చెప్పాను. అర్థమైనాక ఆయన మళ్లీ చాలనలేదు.

రక్తం మొలలదే. ఊళ్లోవాళ్లు చెప్పింది నిజమే అయింది. కానీ కుడివైపు మూలలో శెనగ్గింజంత కణితి కనబడింది, అప్పుడే తీసేశారు. ముక్క పరీక్షలో క్యాన్సరు లేదని వచ్చింది. రిపోర్టులో ఆ చోటి ఫోటో ఉంది: గులాబీరంగు గోడ, అద్దంలా శుభ్రంగా, దాని మీద చిన్న గింజ. మొదటిసారి పోయినప్పుడూ అది అక్కడే ఉండి ఉంటుంది. నేను రాత్రికే తాగించిన మందు దాన్ని చూపించలేకపోయింది.