మీ సిమ్యులేటర్‌ను చెడగొట్టండి

ఐఓటీ పరికరాలు తయారుచేసే కుర్ర ఇంజినీర్లకు నేను చెప్పే సలహాలు వాళ్ల మేనేజర్లకు రుచించవు. అన్నీ తలకిందులుగా ఉన్నాయంటారు. ఉంటాయి మరి. బోరు మోటారు స్టార్టర్‌కు బిగించిన పెట్టె మొరాయిస్తే ఎండిపోయేది రైతు పంట. అందుకే పట్టుబట్టి చెబుతున్నాను.

టెస్టులన్నీ మొదటిసారే పాసైతే ఆ బిల్డు విడుదల చేయకండి. వెయ్యి వర్చువల్ పరికరాలు నడిపితే వెయ్యీ బుద్ధిగా బదులిచ్చాయంటే, మీరు వాటిని కష్టమైన ప్రశ్న ఒక్కటీ అడగలేదన్నమాట. కాంటికీ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చే కూజా సిమ్యులేటర్‌నే తీసుకోండి. మంచి సాధనం. ఎంఎస్‌పీ430 చిప్ కోసం రాసిన ఫర్మ్‌వేర్‌ను ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లో నడిపిస్తుంది. కానీ అందులో ఎక్కువమంది వాడే రేడియో నమూనాలో సిగ్నల్ గుండ్రటి గీత లోపల అందుతుంది, గీత దాటితే అందదు. తలెత్తు పెరిగిన మొక్కజొన్న చేలో ఏ సిగ్నలూ అంత పద్ధతిగా ఉండదు. ప్యాకెట్ అందే అవకాశాన్ని తగ్గించే వీలు ఆ నమూనాలోనే ఉంది. దాన్ని నూరు శాతం దగ్గర వదిలేయకండి.

ఇక సందేశాలు రెండేసిసార్లు అందేలా చేయండి. ఇది విని చాలామంది నవ్వుతారు గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎంక్యూటీటీ అనే సందేశాల ప్రోటోకాల్‌ను 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, అర్లెన్ నిప్పర్ రూపొందించింది ఉపగ్రహ లింకుల మీద చమురు పైపులైన్లను గమనించడానికి. లింకు తెగుతుందని తెలిసే వాళ్లు దాన్ని రాశారు. అందులో ఒకటో స్థాయి క్యూఓఎస్ ఇచ్చే హామీ ఒక్కటే: సందేశం కనీసం ఒకసారి చేరుతుంది. రెండుసార్లు చేరినా నియమం తప్పినట్టు కాదు. మీ ఆదేశం ‘మోటారు స్థితి మార్చు’ అని ఉంటే మొదటి సందేశంతో మోటారు ఆన్ అవుతుంది, రెండో దానితో ఆగిపోతుంది. ‘ఆన్ చెయ్యి’ అని ఉంటే ఎన్నిసార్లు వచ్చినా ఇబ్బంది లేదు.

దీన్ని పరీక్షించడానికి లినక్స్‌లోని నెట్‌ఎమ్‌తో ప్యాకెట్లను రెట్టింపు చేస్తే చాలదు. ఆ నకళ్లను ఎంక్యూటీటీ కింద ఉండే టీసీపీయే ఏరేస్తుంది. సందేశం అందాక, రసీదు వెనక్కి వెళ్లేలోపు కనెక్షన్ తెంచండి. సెషన్ నిలిపి ఉంచి మళ్లీ కలపండి. అప్పుడు అదే సందేశం రెండోసారి వస్తుంది, చూడండి. అలాగే ఆదేశాన్ని రిటెయిన్ జెండాతో పంపి, పరికరాన్ని రాత్రంతా ఆపి, పొద్దున లేపండి. మళ్లీ సబ్‌స్క్రైబ్ కాగానే, బ్రోకర్ (సందేశాలు చేరవేసే సర్వర్) దాచిపెట్టిన నిన్నటి ‘ఆన్’ అందుకుని మోటారు తిరుగుతుంది. బోరులో నీళ్లు లేకుంటే వైండింగ్ కాలిపోతుంది.

వర్చువల్ పరికరాలన్నిటికీ ఒకే క్షణంలో కరెంటు తీసి, ఒకే క్షణంలో ఇవ్వండి. లైన్‌మన్ ఫీడర్ చార్జ్ చేసినప్పుడు జరిగేది అదే. అన్నీ కలిసి సర్వర్ మీద పడతాయి, జవాబు రాక అన్నీ కలిసే మళ్లీ ప్రయత్నిస్తాయి. ఒక్కో పరికరం ఒక్కో యాదృచ్ఛిక వ్యవధి ఆగేలా రాస్తే సరిపోతుంది.

గడియారాన్ని పరిగెత్తించండి. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటరు సుమారు 49.7 రోజులకు సున్నాకు వస్తుంది. రెండు వారాల ఫీల్డ్ ట్రయల్‌లో అది కనబడదు. సిమ్యులేటర్‌లో కౌంటరును అంచు దగ్గర మొదలుపెడితే నిమిషంలో తేలిపోతుంది.

ఇంత కష్టపడి కట్టిన వర్చువల్ ల్యాబును చివరికి నమ్మకండి. మే నెలలో రెంటచింతల ఎండ దానికి తెలియదు. గడియారాల్లో వాడే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు. పెట్టె లోపల వేడి 55 డిగ్రీలకు చేరితే ఆ వేడి వల్లే రోజుకు రెండున్నర సెకన్లకు పైగా వెనకబడుతుంది. నిర్ణీత క్షణానికి నిద్రలేచి మాట్లాడుకోవాల్సిన నోడ్లకు అది పెద్ద తేడా. నిజమైన బోర్డులు కొన్నిటిని రేకు పెట్టెల్లో పెట్టి డాబా మీద ఎండలో వేసవంతా ఉంచండి.

మేనేజర్లకు ఒక మనవి. ఎక్కువ తప్పులు పట్టిన టెస్టరు మీద విసుక్కోకండి, విడుదల తేదీని వెనక్కి జరపండి. నాట్ల వేళ పెట్టె ఆగిపోయాక మీరు పంపే అప్‌డేట్ వల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు.