చప్పుడు కారుది, సంతకం రోడ్డుది

పాత కారు కింద నుంచి చప్పుడొస్తే ముంబైవాడు ముందు రేడియో గొంతు పెంచుతాడు. అదీ చాలకపోతే అద్దాలు ఎక్కిస్తాడు. అప్పటికీ వినిపిస్తుంటే జూన్ కోసం ఎదురుచూస్తాడు. ఈ ఆఖరి వైద్యాన్ని తీసిపారేయకండి. నాలుగు వానలు పడగానే సస్పెన్షన్‌లో ఎండి గట్టిపడ్డ రబ్బరు బుష్షులు తడుస్తాయి, కిర్రుకిర్రు ఆగిపోతుంది. కారు తనంతట తనే కోలుకుందని యజమాని బంపరుకు కొత్త నిమ్మకాయ కట్టి దండం పెట్టుకుంటాడు. అదే వాన రోడ్డు మీద గుంతలు తవ్విందనీ, ఆ గుంతల్లో దిగి లేచి ఉన్న రబ్బరు కాస్తా చిరిగిందనీ అక్టోబరు ఎండ కాశాక తెలుస్తుంది. కిర్రుకిర్రు పోయి లొడలొడ మొదలవుతుంది.

చప్పుడు వినబడకుండా చేస్తే రోగం తగ్గినట్టే అనే ఈ సిద్ధాంతానికి పేటెంటు కారు యజమానులది అనుకుంటే పొరపాటు. వాళ్లు నగరాన్ని చూసి నేర్చుకున్నారు.

ఆ చదువు బాగా ఒంటబట్టిన పేట మాది. కామాఠిపురా అనగానే సినిమావాళ్లకు ఒక్క గల్లీయే కనబడుతుంది. మిగతా గల్లీల్లో నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగువాళ్లు తరతరాలుగా కాపురాలు చేస్తున్నారనీ, పిల్లల్ని బడికి పంపుతున్నారనీ, బతుకమ్మ ఆడుతున్నారనీ వాళ్ల కెమెరాకు అందలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి ఊరుగా మార్చడం మొదలైనప్పటి నుంచి ఇక్కడ రాళ్లు కొట్టి, మట్టి మోసి, రోడ్లు వేసి, మేడలు లేపినవాళ్లలో కామాఠీలనే ఈ తెలుగు కూలీలు ముందువరసలో ఉన్నారు. పేటకు ఆ పేరే మిగిలింది. రోడ్లు వేసినవాళ్ల మునిమనవలు ఇప్పుడు అవే రోడ్ల పుణ్యమా అని షాకప్సర్లు మార్చుకుంటున్నారు. తాత వేసిన రోడ్డు, మనవడు కట్టే బిల్లు. వారసత్వమంటే ఇదే కాబోలు.

మా చాల్‌లో ఒక బావకు పద్దెనిమిదేళ్ల చిన్న కారుంది. ఆయన ఖోలీ, అంటే కాపురముండే ఒంటిగది, వంద చదరపు అడుగులు; గల్లీలో కారు ఆక్రమించేది అందులో సగం పైచిలుకు. అందుకే చాల్ జనం దాన్ని ఇంకో ఖోలీ కిందే లెక్కేస్తారు. దానికి జబ్బు చేస్తే పలకరింపులకు లోటుండదు. ముందు ఎడమవైపు టకటక మొదలవగానే గ్యాలరీ మొత్తం రెయిలింగు మీద వాలింది.

"షాకప్సర్ పోయింది బావా, జోడీ మార్పియ్," అన్నాడు ఒక తమ్ముడు.

"షాకప్సర్ గాదు, స్టీరింగ్ ర్యాకే పోయింది. పదివేల పని," అన్నాడు పై అంతస్తు మామ. ఆయనకు కారు లేదు కనుక ధర ధారాళంగా చెప్పాడు.

"అమ్మెయ్ బిడ్డా, ట్రైన్ల పో," అంది మెట్ల పక్క ఖోలీ అవ్వ. ముగ్గురిలో ఆమె సలహాయే చవక.

ముగ్గురూ తీర్పు చెప్పారు. ఒక్కరూ మెట్లు దిగి, వంగి చూడలేదు. వంగకుండానే రోగం చెప్పగలిగినవాణ్ణే మన దేశంలో కన్సల్టెంటు అంటారు.

చివరికి డంకన్ రోడ్డు మేస్త్రీ మామ వచ్చాడు. ఆ రోడ్డుకు మౌలానా ఆజాద్ రోడ్డని పేరు మార్చి చాలా కాలమైంది. పేరు మార్చినంత సులువుగా రోడ్డును మార్చలేకపోయారు కనుక జనం పాత పేరుతోనే పని కానిస్తున్నారు. మామ పానా బయటికి తీయలేదు. "డిక్కీ తెరువు," అన్నాడు. వదులుగా దొర్లుతున్న జాకీ, వీల్ పానా, ఎవరి పెళ్లికో కొని ఇవ్వడం మరిచిన ఇత్తడి బిందె బయటపడ్డాయి. వాటిని దింపి గల్లీ చుట్టూ ఒక రౌండు కొడితే చప్పుళ్లలో సగం దిగిపోయాయి. పాత కార్లలో సస్పెన్షన్ మీద పడే కేసుల్లో చాలావాటికి అసలు దోషి డిక్కీలోనే ఉంటాడు. అయినా 'జాకీ బిగించినందుకు' అనే పద్దు ఏ గ్యారేజీ బిల్లులోనైనా చూశారా? ఆ పద్దుకు జీఎస్టీ ఎంత వెయ్యాలో తెలియకనేమో, ఎవరూ రాయరు.

మిగతా సగానికి మామ విచారణ మొదలెట్టాడు. "ఎప్పుడు మోగుతది? ఒక్క చక్రం గుంతల వడ్డప్పుడా, రెండూ కలిసి బ్రేకర్ ఎక్కినప్పుడా?"

కీలకమంతా ఈ ప్రశ్నలో ఉంది. ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేస్తే స్టెబిలైజర్ బార్ మెలి తిరగదు, దాన్ని పట్టి ఉంచే లింకు రాడ్డుకు పని పడదు. ఒక్క చక్రమే గుంతలో పడితే బార్ మెలి తిరుగుతుంది, అరిగిన లింకు టకటకమని మొత్తుకుంటుంది. ఎగుడుదిగుడు పేవర్ బ్లాకుల మీద నెమ్మదిగా పోతే మోగి, నున్నటి ఫ్లైఓవర్ ఎక్కగానే ఊరుకునే చప్పుడుకు ముందుగా అనుమానించాల్సింది ఈ లింకునే. చేత్తో పట్టి ఊపితే ఆట, అంటే వదులు, తెలిసిపోతుంది. షాకప్సర్ జోడీ ఖరీదు ముందు దీని ధర ఏ మూలకూ రాదు. సలహాల జాబితాలో దీని పేరు ఎప్పుడూ చివర్న ఉండటానికి కారణం కూడా అదే.

బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి 'డబ్'మంటే లోయర్ ఆర్మ్ బుష్షు. బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు 'టుంగు'మంటే స్ట్రట్ నెత్తిన ఉండే మౌంటింగు, బేరింగు. బ్రేకర్ మీద మెల్లగా ఎక్కి దిగేటప్పుడు కిర్రుమంటే ఏదో ఒక బుష్షు ఎండింది. ఏదన్నది తేల్చడానికి మామ దగ్గరున్న పరికరం ఒక నీళ్ల సీసా. ఒక్కో బుష్షు మీద నీళ్లు చల్లుతూ బండి మూల నొక్కి చూస్తాడు. దేని మీద నీళ్లు పడగానే కిర్రు ఆగిందో అదే ముద్దాయి. నీళ్లు ముద్దాయిని పట్టిస్తాయి, అంతవరకే. కొందరు ఇక్కడ ఇంజిన్ ఆయిల్ పోస్తారు. చప్పుడు తక్షణం ఆగుతుంది. మామూలు రబ్బరు ఆ నూనె తాగి ఉబ్బి, మెత్తబడి, త్వరలోనే చీలుతుంది. వెంటనే ఉపశమనం, తరవాత సర్వనాశనం. ఎన్నికల ముందు రాత్రికి రాత్రి పోసే తారుకూ ఇదే ఫార్ములా.

ఇక అందరూ వేలెత్తి చూపిన షాకప్సర్. బండి మూల గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి లేచి సర్దుకోవాలి. ఊగుతూనే ఉంటే దాని పని అయిపోయినట్టు. ఒంటి మీద నూనె కారి దుమ్ము పేరుకుని ఉంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. అప్పుడు జోడీ మార్చాల్సిందే. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది పెడితే బండి సంకీర్ణ ప్రభుత్వమై చెరోవైపు లాగుతుంది. ఆ తరవాత చక్రం లేపి కింద స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరేవాడికి మామ తన చాయ్‌లో కటింగ్ కూడా ఇవ్వడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట ఉందా, ఇంకొకరితో బ్రేకు తొక్కించాలి. తొక్కగానే ఆట పోతే చక్రం బేరింగు, పోకపోతే బాల్ జాయింటు. పక్కలు పట్టి ఊపితే కదిలేది సాధారణంగా టై రాడ్ ఎండు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది కనుక దాని విషయంలో మాత్రం జూన్ దాకా ఆగడం కుదరదు.

విచారణ ముగిసింది. పోయింది లింకు రాడ్డూ, లోయర్ ఆర్మ్‌లో ఒక బుష్షూ. షాకప్సర్ నిర్దోషి. ర్యాక్ నిర్దోషి. పై అంతస్తు మామ మాత్రం ఇప్పటికీ అప్పీలుకు పోయే ఆలోచనలో ఉన్నాడు.

మేస్త్రీ మామ ఈ విద్య నేర్చుకున్న బడి ప్రీమియర్ పద్మిని. 1964లో కుర్లా ఫ్యాక్టరీలో ఫియట్ 1100 డిలైట్‌గా పుట్టి, 1974 నుంచి పద్మిని పేరుతో తిరిగిన బండి. నలుపు పసుపు ట్యాక్సీగా నగరాన్ని దశాబ్దాల పాటు మోసింది. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు, నెత్తి మీద క్యారియర్. తరవాత రోజుల్లో డిక్కీలోకి సీఎన్‌జీ సిలిండరూ వచ్చింది. ఉక్కు సిలిండరంటే యాభై అరవై కిలోలు. టికెట్టు కొనని ప్రయాణికుడు ఒకడు పగలూ రాత్రీ దిగకుండా వెనకే కూర్చున్నట్టు. పట్టీలు కుంగేవి, వాటి మధ్య గ్రీజు ఎండి కీచుమనేవి, షాకిల్ బుష్షులు అరిగేవి, యూ-బోల్టులు వదులయ్యేవి. మేస్త్రీలు పట్టీలు విప్పి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి మళ్లీ కట్టేవాళ్లు. బండి మళ్లీ లేచి నిలబడేది.

అలాంటి బండిని గుంతలు చంపలేకపోయాయి. క్యాలెండరు చంపింది. ట్యాక్సీల వయసు పరిమితి 2008లో 25 ఏళ్లుగా, 2013లో 20 ఏళ్లుగా ఖరారైంది. ఆఖరి పద్మిని ట్యాక్సీ మా పొరుగునున్న తాడ్‌దేవ్ ఆర్టీఓలో 2003 అక్టోబర్ 29న నమోదైంది. 2023 అక్టోబర్ 30 నుంచి దానికి రోడ్డెక్కే హక్కు పోయింది. గాలి బాగుండాలని, ప్రయాణికులు క్షేమంగా ఉండాలని పాత బండ్లను ఆపితే కాదనేదెవరు? ఇరవై ఏళ్లు నిండితే ప్రమాదమని పసిగట్టే ఆ ముక్కు, ఆర్టీఓ గేటు దాటి మా చాల్ దాకా వచ్చేసరికి జలుబు చేసి మూసుకుపోతోంది. బాధ అక్కడ.

చాల్ లెక్క వేరు మరి. 1940 సెప్టెంబర్‌కు ముందు కట్టిన, మరమ్మతు సెస్ పడే భవనాలు 'ఏ' వర్గంలోకి వస్తాయి. బడిలో మావాళ్లకు దక్కని ఏ గ్రేడు ఇళ్లకు దక్కింది. అలాంటి ముసలి భవనాల మరమ్మతు కోసం 1969లో ప్రత్యేకంగా చట్టం చేసి, సెస్ పెట్టి, బోర్డు వేశారు. ప్రైవేటు కారు పదిహేనేళ్లు దాటితే పర్యావరణ పన్ను పడుతుంది. అంటే గల్లీలో కారు ముసలిదైనందుకు బావ పన్ను కడతాడు, పైన ఇల్లు ముసలిదైనందుకు ఆయన మీద సెస్ పడుతుంది. ఆయన ముసలివాడైతే దానికి ఏ పన్ను వేస్తారో ఇంకా ప్రకటించలేదు.

చాల్ కూడా చప్పుడు చేస్తుంది. మెట్లు కిర్రుమంటాయి, దూలం టక్కుమంటుంది, పైకప్పు పెచ్చు ఊడి 'డబ్'మని పడుతుంది. నీళ్ల సీసా పట్టుకుని ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని అడిగే మేస్త్రీ దానికి దొరకడు. కింద ఇనప ఊత పెడతారు, పైన రంగు వేస్తారు. ఊతకు తుప్పు పడితే దానికీ రంగు వేస్తారు.

ఇక ఇంతవరకూ బోనెక్కని ముద్దాయి రోడ్డు. ముసలి కారుకు ఫిట్‌నెస్ కావాలి, డ్రైవరుకు లైసెన్సు కావాలి, పొగకు పీయూసీ కావాలి. రోడ్డు మాత్రం ఏ కాగితమూ లేకుండా పట్టపగలు వీధిలో పడుంటుంది. 2023లో దాదాపు 400 కిలోమీటర్ల రోడ్లకు కాంక్రీటు వేయడానికి 6 వేల కోట్ల రూపాయల పైచిలుకు పనులు అప్పజెప్పారు. 2025 అక్టోబర్‌లో బొంబాయి హైకోర్టు, గుంతల వల్ల మనిషి చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా పరిహారం ఇవ్వాలంది. గుంతల మీద కోర్టు రేటుకార్డు రాయాల్సి వచ్చిందంటే మిగతావాళ్లంతా ఎంత మౌనంగా ఉన్నారో ఊహించుకోవచ్చు. అందులో లింకు రాడ్డుకు రేటు లేదు. ఉండాలని అడిగేంత మొహమూ మాకు లేదు.

అడిగేది ఒక్కటే. రోడ్డుకూ ఏటా ఫిట్‌నెస్ పరీక్ష పెట్టండి. రోడ్డు వేసిన కాంట్రాక్టరునూ, మంజూరు చేసిన ఇంజినీరునూ లింకు రాడ్డు పోయిన కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, రేడియో కట్టేసి, అద్దాలు దించి, మా గల్లీ నుంచి నాగ్‌పాడా జంక్షన్ దాకా తిప్పండి. టకటకలు లెక్కపెట్టి వాళ్లే సంతకం పెట్టాలి. రోడ్డు ఫెయిలైన ఏడాది ముసలి కార్లకు పర్యావరణ పన్ను మాఫీ. పరీక్షకు కారు మా బావ ఉచితంగా ఇస్తాడు. విప్పిన పాత లింకును ఇందుకోసమే దాచి ఉంచాడు.

బుష్షు బిగించేటప్పుడు బావ తొందరపడ్డాడు. "బండి గాల్లున్నప్పుడే బిగించెయ్ మామా, పనైపోతది." మామ ఒప్పుకోలేదు. "చక్రం వేలాడంగ బిగిస్తే, బండి దిగినంక బుష్షు మెలి తిరిగి కూసుంటది. తొందరగ చిరుగుతది. బరువు నేల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు," అని బండిని దింపి, కింద పడుకుని బోల్టు బిగించాడు. ఎక్కువ రబ్బరు బుష్షుల విషయంలో ఇదే నియమం.

ఇప్పుడు కామాఠిపురాను, సుమారు 34 ఎకరాలను, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా కొత్తగా కట్టిస్తానంటోంది. ఖోలీకి బదులు 500 చదరపు అడుగుల ఇల్లట. చాల్ నిజంగానే అరిగిపోయింది, 500 అడుగులు ఎవరికి చేదు? అయితే ఈ నగరంలో కొన్నాళ్లకని ట్రాన్సిట్ క్యాంపుకు వెళ్లి అక్కడే మనవల్ని ఎత్తుకున్నవాళ్లున్నారు. కాబట్టి సంతకాల కోసం వచ్చే దొరలకు మామ నియమాన్నే వర్తింపజేద్దాం. ఏ ఇల్లు, ఎన్నేళ్లు, అప్పటిదాకా అద్దె ఎవరిది, తరవాత లిఫ్టు ఖర్చు ఎవరిది, అన్నీ మేం ఖోలీల్లో ఉండగానే, మా బరువు ఈ నేల మీద ఉండగానే బిగించండి. మమ్మల్ని గాల్లో వేలాడదీసి బిగించిన ఒప్పందం మోగడానికి ఎంతకాలం పడుతుందో డంకన్ రోడ్డులో స్పానర్లు అందించే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. వాడికి కన్సల్టెన్సీ ఫీజు కూడా అక్కర్లేదు.